కొట్టు ముందు బోర్డు

ఒక చిన్న పట్టణం. బస్టాండు నుంచి గుడికి పోయే వీధి. ఆ వీధిలో ఒకామె తన ఇంటి ముందు గదిలో బట్టలు కుడుతుంది. అందరూ ఆమెను టైలరక్క అంటారు. జాకెట్లు, లంగాలు, బడిపిల్లల గౌన్లు కుడుతుంది. పన్నెండేళ్ళుగా అదే ఆమె జీవనం.

మొదట్లో ఆ కొట్టుకు బోర్డు లేదు. తెలిసినవాళ్ళే వచ్చేవాళ్ళు. తెలియనివాళ్ళు ముందుకు పోయి మెయిన్ రోడ్డులో కుట్టించుకునేవాళ్ళు. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాక టైలరక్కకు ఒక ఆశ పుట్టింది. కొట్టుకు ఒక పేరు పెట్టాలి. ఆ పేరు బోర్డు మీద ఉండాలి. పొద్దున్నే తలుపు తీసేటప్పుడు దాన్ని తనే చదువుకోవాలి.

పొదుపు సంఘంలో రెండు వేలు అప్పు తీసుకుంది. రేకు, ఇనుప స్టాండు, రంగులు, రాత కూలి అన్నీ అందులోనే సరిపెట్టింది. కూతురి పేరు మీద బోర్డు తయారైంది. దాన్ని ఎక్కడ పెట్టాలి? గోడకు పెడితే ఎవరికీ కనపడదు అనుకుంది. మురుగుకాలువ దాటించి రోడ్డు అంచున నిలబెట్టింది. బస్టాండు నుంచి వచ్చేవాళ్ళకు దూరం నుంచే కనిపించేది. గిరాకీ కూడా కొంచెం పెరిగింది.

కొన్నాళ్ళకు ఒకాయన వచ్చాడు. "బోర్డు పెట్టావు కదమ్మా, రెండు వందలు కట్టాలి" అన్నాడు. టైలరక్క ఇచ్చేసింది. ఆయన కాగితం ఏమీ ఇవ్వలేదు. ఆమె అడగలేదు.

ఇంకొన్నాళ్ళకు ఒక ఉదయం మునిసిపాలిటీ ట్రాక్టరు వచ్చింది. రోడ్డు అంచున ఉన్న బోర్డులు, బల్లలు, రేకులు ఎక్కించుకుంటూ పోతోంది. టైలరక్క పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ఆమె బోర్డు ట్రాక్టరులో ఉంది.

"నా డబ్బు పెట్టి చేయించుకున్నా. నా కొట్టు ముందు పెట్టుకున్నా. మీరెవరు తీయడానికి?" అని అడిగింది.

"కొట్టు నీదేనమ్మా. రోడ్డు నీది కాదు కదా" అన్నాడు ట్రాక్టరు మీద ఉన్న మనిషి.

ఆ సాయంత్రం సంఘంలో చెప్పుకుని ఏడ్చింది. ఇంకా పదిహేను వాయిదాలు కట్టాలి. బోర్డు పోయింది. అప్పు మాత్రం ఉంది.

మరి ట్రాక్టరు మనిషి అన్న మాట నిజమేనా?

కాలువకు ఇవతల, అవతల

నిజమే. వినడానికి కష్టంగా ఉన్నా ఆ మాట నిజమే. ఒక్క మాట ముందుగా చెప్పి, రెండు రోజులు గడువు ఇచ్చి ఉంటే బాగుండేది. అది వేరే సంగతి. కానీ రోడ్డు అంచు టైలరక్కది కాదు.

మన స్థలం ఎక్కడి దాకా ఉందో ఎలా తెలుస్తుంది? ఇంటి దస్తావేజులో తెలుస్తుంది. అందులో 'హద్దులు' అని ఒక చోట రాసి ఉంటుంది. తూర్పున ఏముంది, పడమర ఏముంది, ఉత్తరాన ఏముంది, దక్షిణాన ఏముంది అని నాలుగు వరుసలు ఉంటాయి. వాటిలో ఒక దగ్గర 'రాస్తా' అనో, 'బజారు' అనో, 'వీధి' అనో ఉంటుంది. అటువైపు రోడ్డు ఉందని దాని అర్థం. ఆ కిందనే స్థలం ఎన్ని అడుగులో, ఎన్ని గజాలో రాసి ఉంటుంది. టేపు పట్టుకుని ఇంటి వెనక గోడ నుంచి కొలుచుకుంటూ రావాలి. కాగితంలో ఉన్న అడుగులు ఎక్కడ అయిపోతే అక్కడితో మన స్థలం అయిపోయినట్టే. అద్దె కొట్టు అయితే యజమానిని అడిగి చూడాలి.

టైలరక్క కూడా అలాగే కొలిచింది. సంఘం లెక్కలు రాసే అమ్మాయి టేపు రెండో కొస పట్టుకుంది. కాలువకు ఇంకా జానెడు ఇవతలే కొలత అయిపోయింది. కాలువ కూడా ఆమెది కాదు! ఇన్నేళ్ళూ కాలువ మీద బండ వేసి, అది కూడా తన అరుగే అనుకుంది.

నేల మీదే కాదు, పైన కూడా అంతే. గోడకు బిగించిన బోర్డు బారెడు ముందుకు చాచి రోడ్డు మీదికి వేలాడితే, అదీ రోడ్డు మీద ఉన్నట్టే లెక్క. లారీలు, బస్సులు దానికి తగులుతాయి. గడ్డి బండ్లు తగులుతాయి.

రోడ్డు మనది కాదు. మరి ఎవరిది? రోడ్లన్నీ ఒకరివే కావు. ఊళ్ళో వీధులు గ్రామ పంచాయతీవి. పట్టణంలో వీధులు మునిసిపాలిటీవి. ఊరికీ ఊరికీ మధ్య పోయే పెద్ద రోడ్లు చాలా వరకు రోడ్లు, భవనాల శాఖవి. జాతీయ రహదారి కేంద్ర ప్రభుత్వానిది. జాతీయ రహదారి స్థలం గురించి ఒక చట్టం ఉంది. రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఆ స్థలంలో ఏదీ పెట్టకూడదని అది చెబుతుంది. కొన్ని ఊళ్ళలో కొట్టు పంచాయతీలో ఉంటుంది, ముందున్న రోడ్డు రహదారి వాళ్ళది అవుతుంది. అప్పుడు పంచాయతీ వాళ్ళు సరే అన్నా లాభం లేదు. అందుకే మొదట రోడ్డు ఎవరిదో తెలుసుకోవాలి. తరవాతే బోర్డు రాయించాలి.

ఊరికి ఒక పటం

పట్టణానికి ఒక పెద్ద పటం ఉంటుంది. దాన్ని మాస్టర్ ప్లాన్ అంటారు. ఏ ప్రాంతంలో ఇళ్ళు ఉండాలి, ఎక్కడ వ్యాపారం, ఎక్కడ పరిశ్రమలు అని అందులో గుర్తులు పెడతారు. సాధారణంగా ఇళ్ళ ప్రాంతానికి పసుపు రంగు, వ్యాపారానికి నీలం రంగు వేస్తారు. ఒక్కో ప్రాంతాన్ని జోన్ అంటారు. మునిసిపాలిటీలో టౌన్ ప్లానింగ్ విభాగం ఈ పని చూస్తుంది.

ఇళ్ళ ప్రాంతంలో కొట్టే పెట్టకూడదా? అలా ఏమీ లేదు. ఇంటి ముందు గదిలో కుట్టుపని, చిన్న కిరాణా లాంటివి సాధారణంగా ఒప్పుకుంటారు. కానీ అక్కడ రాత్రంతా వెలిగి ఆరే లైట్ల బోర్డు పెడితే ఎదురింట్లో పసిపిల్లలు నిద్రపోరు. పెద్ద బోర్డు పెడితే పక్క ఇంటి కిటికీకి గాలి రాదు. వ్యాపార ప్రాంతంలో చెల్లే బోర్డు ఇళ్ళ ప్రాంతంలో చెల్లకపోవడానికి కారణం ఇదే.

వీధి మలుపులో పెట్టే బోర్డుల గొడవ వేరు. బోర్డుకు అవతల ఏముందో బండి నడిపేవాడికి కనపడదు. బడి వదిలే వేళకు పిల్లలు ఒక్కసారిగా రోడ్డు మీదికి వస్తారు. ఆ తరవాత జరిగేది చెప్పనక్కరలేదు.

గాలికి బోర్డు ఏమవుతుంది

చేటను గాలికి ఎదురుగా పట్టుకుని నిలబడితే ఏమవుతుంది? గాలి చేటను వెనక్కి నెడుతుంది. అదే అంచు గాలివైపు తిప్పి పట్టుకుంటే అంత బలంగా నెట్టదు. బోర్డు కూడా చేట లాంటిదే. ఎంత వెడల్పు ఉంటే గాలి అంత బలంగా కొడుతుంది. ఎంత ఎత్తున ఉంటే అంత ఎక్కువ గాలి తగులుతుంది. రెండు ఇనుప కాళ్ళు, నాలుగు బోల్టులు ఎంతని ఆపుతాయి?

2024 మే 13న ముంబైలో ఘాట్‌కోపర్ అనే చోట పెద్ద ఈదురుగాలి వచ్చింది. అక్కడ పెట్రోలు బంకు పక్కన ఒక ప్రకటన బోర్డు ఉంది. అది 120 అడుగుల ఎత్తు, 120 అడుగుల వెడల్పు. పన్నెండు అంతస్తుల మేడ అంత ఎత్తు అన్నమాట. ఆ నగరంలో 40 అడుగుల ఎత్తు, 40 అడుగుల వెడల్పు దాటకూడదని నియమం ఉంది. లెక్క వేసి చూడండి. 40ని 40తో గుణిస్తే 1,600. 120ని 120తో గుణిస్తే 14,400. అంటే నియమం ఒప్పుకున్న దానికి తొమ్మిది రెట్లు. ఆ బోర్డు పెట్రోలు బంకు మీద కూలింది. 17 మంది చనిపోయారు. 70 మందికి పైగా గాయపడ్డారు. పెట్రోలు పోయించుకోవడానికి ఆగినవాళ్ళు, వాన వస్తుందని తలదాచుకున్నవాళ్ళు అందులో ఉన్నారు.

అంత పెద్ద బోర్డే ప్రాణం తీస్తుందని కాదు. 2019 సెప్టెంబరులో చెన్నైలో రోడ్డు మధ్యన కట్టిన ఒక ఫ్లెక్సీ ఊడి, స్కూటరు మీద పోతున్న 23 ఏళ్ళ అమ్మాయి మీద పడింది. ఆమె కింద పడిపోయింది. వెనక వస్తున్న నీళ్ళ ట్యాంకరు ఆమె మీదుగా పోయింది. ఆ ఫ్లెక్సీ ఒక పెళ్ళి కోసం కట్టింది.

హైదరాబాదులో ప్రకటన బోర్డులు నేల నుంచి 15 అడుగుల ఎత్తు దాటకూడదని 2020లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 15 అడుగులంటే ఒక అంతస్తు మీద ఇంకో సగం. అంతకు ముందు మేడల మీద ఇనుప చట్రాలు నిలబెట్టి పెద్ద పెద్ద ప్రకటనలు కట్టేవాళ్ళు. చిన్న పట్టణాల్లో ఎంత ఎత్తు, ఎంత వెడల్పు అనేది అక్కడి మునిసిపాలిటీలో అడగాలి. అన్ని ఊళ్ళకూ ఒకే కొలత లేదు.

కరెంటు స్తంభానికి బోర్డు కట్టకూడదు. ఇది నియమం కోసం చెప్పే మాట కాదు, ప్రాణం కోసం చెప్పే మాట. రేకు బోర్డు, ఇనుప చట్రం, ఇనుప నిచ్చెన, మూడింట్లోనూ కరెంటు పారుతుంది. ఇంటి ముందు తీగ కిందికి జారి ఉంటే ముందు లైన్‌మన్‌ను పిలవాలి. బోర్డు సంగతి తరవాత చూడవచ్చు. చెట్టుకు మేకు కొట్టి బోర్డు తగిలించడం కూడా తప్పే. మేకు తుప్పు పడుతుంది, చెట్టుకు అక్కడ పుండు పడుతుంది, పురుగు చేరుతుంది. వానాకాలంలో గాలికి ఆ కొమ్మే ముందు విరుగుతుంది.

ఇంకొకరి గోడ మీద రాయించడం కూడా ఇష్టం వచ్చినట్టు కుదరదు. నలుగురికీ కనపడే చోట అనుమతి లేకుండా రాతలు రాసి, పోస్టర్లు అంటించి పాడు చేయకూడదని 1997లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక చట్టం చేశారు. అసభ్యమైన పోస్టర్లను కూడా ఆ చట్టమే వద్దంటుంది. గోడల మీద సినిమా పోస్టర్లు చూసి తల దించుకుని పోయే ఆడపిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఫ్లెక్సీ చవక కదా అని చాలామంది దాన్నే కట్టిస్తారు. వంద మైక్రాన్ల కన్నా పలచగా ఉండే ప్లాస్టిక్ బ్యానర్లను దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధించారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అది కంటికి తెలిసేది కాదు కాబట్టి ఫ్లెక్సీ షాపులోనే అడగాలి. అయినా ఫ్లెక్సీ రెండు ఎండాకాలాలకు వెలిసిపోతుంది. రేకు మీద రంగుతో రాసిన రాత ఏళ్ళ తరబడి ఉంటుంది. పెయింటరుకు నాలుగు రోజుల పని కూడా దొరుకుతుంది.

రసీదు ఏదమ్మా?

మర్నాడు టైలరక్క, లెక్కలు రాసే అమ్మాయి కలిసి మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళారు.

"నేను డబ్బులు కట్టానయ్యా. పోయిన నెలలోనే రెండు వందలు ఇచ్చాను" అంది టైలరక్క.

"రసీదు ఏదమ్మా?" అని అడిగాడు గుమాస్తా.

రసీదు లేదు. డబ్బు తీసుకున్న మనిషి ఎవరో అక్కడెవరికీ తెలియదు. ఆఫీసు పుస్తకంలో ఆమె పేరు లేదు. ఆ రెండు వందలు పోయినట్టే. బోర్డు విడిపించుకోవడానికి ఇంకో మూడు వందలు అపరాధ రుసుము కట్టాల్సి వచ్చింది. ఈసారి రసీదు తీసుకుంది. వెంటనే మడిచి జాకెట్టులో పెట్టుకోలేదు. అక్కడే నిలబడి చదివింది. తన పేరు ఉందా, తేదీ ఉందా, ఎంత కట్టిందో అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉందా, దేనికి కట్టిందో ఉందా, రసీదు నంబరు ఉందా, సంతకం ఉందా అని చూసింది. దేనికి కట్టిందో రాయాల్సిన చోట ఖాళీగా ఉంది.

"ఇక్కడ రాయలేదు బాబూ" అంది.

గుమాస్తా ఒకసారి ఆమె వైపు చూసి, కలం తీసి రాసి ఇచ్చాడు.

బోర్డుకు నిజంగా డబ్బు కట్టాలా? రెండు రకాల బోర్డులు ఉంటాయి. కొట్టు పేరు మాత్రమే రాసి కొట్టు గోడకే పెట్టుకుంటే అది పేరు బోర్డు. ఏదైనా సరుకు గురించో, కంపెనీ గురించో చెప్పే బోర్డు అయితే అది ప్రకటన. చాలా మునిసిపాలిటీలు ప్రకటన బోర్డులకు డబ్బు తీసుకుంటాయి. గోడకు ఆనించిన చిన్న పేరు బోర్డును వదిలేసే చోట్లు కూడా ఉన్నాయి. ఒకప్పుడు దీన్ని ప్రకటనల పన్ను అనేవాళ్ళు. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు ఆ పన్ను పోయింది. ఇప్పుడు తీసుకునేది అనుమతి కోసం కట్టే రుసుము. కాబట్టి ఎవరైనా వచ్చి "బోర్డు పన్ను కట్టు" అంటే, ఏ పన్ను, ఎవరు వేశారు, రసీదు ఇస్తారా అని అడగాలి. బోర్డు రుసుము వేరు, వ్యాపార లైసెన్సు రుసుము వేరు. లైసెన్సు ఏడాదికోసారి కొత్తది చేయించుకోవాలా, ఎన్నాళ్ళకు చెల్లుతుంది అన్నది లైసెన్సు కాగితం మీదే ఉంటుంది.

రేటు ఎంతో ఆఫీసులో చెప్పకపోతే ఒక దారి ఉంది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. తెల్ల కాగితం మీద తెలుగులోనే అర్జీ రాయవచ్చు. గ్రామ స్థాయి ఆఫీసులో అడిగితే రుసుము లేదు. మండల ఆఫీసులో అయితే 5 రూపాయలు, మిగతా ఆఫీసుల్లో 10 రూపాయలు. పేద కుటుంబాల జాబితాలో ఉన్నవాళ్ళు అదీ కట్టనక్కరలేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "పేరు బోర్డులకు, ప్రకటన బోర్డులకు ఈ మునిసిపాలిటీ వసూలు చేసే రుసుముల పట్టిక కాపీ ఇవ్వండి" అని ఒక్క వాక్యం రాస్తే చాలు.

పైన తెలుగు

పెయింటరన్నను పిలిపించారు. బోర్డు చిన్నది చేసి మళ్ళీ రాయాలి. స్టాండు తీసేసి గోడకు బిగించాలి.

"అక్కా, ఈసారి ఇంగ్లీషులో పెద్దగా రాస్తా. కింద చిన్నగా తెలుగు వేస్తా. ఇంగ్లీషు ఉంటేనే షోగా ఉంటది" అన్నాడు పెయింటరన్న.

"అది ఎవరు చదువుతారు తమ్ముడూ? జాకెట్టు కుట్టించుకునేది ఈ వీధి ఆడవాళ్ళే కదా" అంది టైలరక్క.

ఆమె తెలివిగానే అంది. పైగా ఆమెకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. నియమం కూడా ఆమె వైపే ఉంది. దుకాణాలు, సంస్థల గురించి 1988లో ఒక చట్టం చేశారు. దాని కింద 1990లో నిబంధనలు వచ్చాయి. కొట్టు పేరు బోర్డు తెలుగులో ఉండాలి, ఇంకో భాషలో కూడా రాస్తే అది తెలుగు కింద ఉండాలి అని ఆ నిబంధనలు చెబుతాయి. కార్మిక శాఖ వాళ్ళు దీన్ని చూడాలి. పెద్ద బజారులో నడిచి చూస్తే ఎన్ని బోర్డులు ఇలా ఉన్నాయో తెలుస్తుంది. చాలా కొట్ల మీద తెలుగు వెతుక్కోవాలి. పెద్ద పెద్ద బట్టల షాపుల్లో కొన్నిటికి అసలే లేదు. చిన్న కొట్టు బోర్డును ట్రాక్టరు ఎక్కించినంత చురుకుగా ఈ నియమాన్ని ఎవరూ అమలు చేయరు.

ఇది మన దగ్గరే కాదు. కర్ణాటకలో బోర్డు మీద 60 శాతం కన్నడం ఉండాలని 2024లో చట్టం చేశారు. బెంగళూరులో టిఫిను హోటలు పెట్టుకున్న మనవాళ్ళు కూడా అలాగే రాయించాలి.

కొత్తగా చదువు వచ్చినవాళ్ళకు బోర్డే వాచకం. బస్సు బోర్డు, మందుల షాపు బోర్డు, ఆస్పత్రి గది మీద బోర్డు చదువుకుంటూనే చాలామంది ఆడవాళ్ళు అక్షరాలు మరిచిపోకుండా నిలబెట్టుకుంటారు. ఇంగ్లీషు మాత్రమే ఉంటే మళ్ళీ పక్కవాళ్ళను అడగాల్సిందే. పెయింటరన్న చివరికి పైన తెలుగులో పెద్దగా రాశాడు. ముచ్చట తీరక కింద చిన్నగా ఇంగ్లీషు కూడా వేశాడు. అది తప్పు కాదు.

ఊరికే వచ్చిన బోర్డు

టైలరక్క పక్కనే కిరాణా కొట్టు పెద్దమ్మ ఉంది. ఆమె బోర్డు కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చారు. సిగరెట్ల కంపెనీ బోర్డు అది. ముప్పావు భాగం సిగరెట్టు పెట్టె బొమ్మ, మూలన చిన్నగా కొట్టు పేరు. "డబ్బు పెట్టకుండా వచ్చింది కదా" అని పెద్దమ్మ సంతోషపడింది.

ఆ బోర్డు ఆమెను జైలు దాకా తీసుకుపోగలదు. పొగాకు గురించి 2003లో కేంద్ర చట్టం వచ్చింది. పొగాకు సరుకులకు ప్రకటన చేయకూడదని అది చెబుతుంది. అమ్మే కొట్టు దగ్గర మాత్రం బోర్డు పెట్టవచ్చు. అది 60 సెంటీమీటర్లు, 45 సెంటీమీటర్లు దాటకూడదు. అంటే రెండు అడుగుల పొడవు, ఒక మూర వెడల్పు. రెండు బోర్డుల కన్నా ఎక్కువ ఉండకూడదు. ఏ రకం సరుకు దొరుకుతుందో అంతే రాయాలి. కంపెనీ పేరు ఉండకూడదు, పెట్టె బొమ్మ ఉండకూడదు, లైటు ఉండకూడదు. పొగాకు వల్ల కాన్సరు వస్తుందనో, ప్రాణం పోతుందనో హెచ్చరిక మన భాషలో పైన ఉండాలి. దీన్ని మీరితే మొదటిసారి రెండేళ్ళ దాకా జైలు గానీ, వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. బోర్డు ఇచ్చిపోయినవాడు ఏ ఊళ్ళో ఉంటాడో పెద్దమ్మకు తెలియదు. తనిఖీకి వచ్చినవాళ్ళు మొదట అడిగేది పెద్దమ్మనే.

అదే చట్టం ఇంకో బోర్డు తప్పకుండా పెట్టమంటుంది. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకు పొగాకు అమ్మడం నేరం అని రాసిన బోర్డు అది. కనీసం రెండు అడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు ఉండాలి. బడికి, కాలేజీకి చుట్టూ వంద గజాల లోపల పొగాకు అసలు అమ్మకూడదు. వంద గజాలంటే 300 అడుగులు. పెద్దమ్మ కొట్టు నుంచి బడి గేటు దాకా లెక్కలు రాసే అమ్మాయి అంగలు వేసి చూసింది. 300 అడుగులకు లోపలే ఉంది. పెద్దమ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు సిగరెట్లు, బీడీలు తీసేసింది. ఆ చోట బిస్కెట్లు, పెన్సిళ్ళు పెట్టింది. రోజుకు నలభై యాభై రూపాయల లాభం తగ్గింది. ఆ సంగతి దాచి చెప్పడం మంచిది కాదు.

సారాయి దగ్గర కూడా బోర్డుకు నియమం ఉంది. 1991, 92లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు అక్షరాలు నేర్చుకుని సారా కొట్టు మూయించిన సంగతి చాలామందికి తెలుసు. ఇప్పుడు దుకాణాలు మళ్ళీ ఉన్నాయి. కానీ జాతీయ రహదారుల మీద, రాష్ట్ర రహదారుల మీద "ఇక్కడ మద్యం దొరుకుతుంది" అని చెప్పే బోర్డులు, ప్రకటనలు ఉండకూడదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఉన్నవి తీసేయమంది. ఊరి దగ్గర రహదారి మీద అలాంటి బోర్డు కనిపిస్తే సంఘం తరఫున కలెక్టరుకు అర్జీ పెట్టవచ్చు.

బండి వదిన కాగితం

ఇంకొకామె టిఫిను బండి వదిన. ఆమెకు గోడే లేదు. ఇడ్లీ, దోసె ధరలు రాసిన రేకు బండికే తగిలించుకుంది. ట్రాక్టరు వచ్చిన రోజున బండిని సందులోకి తోసేసి దాక్కుంది. రోడ్డు అందరిదే అయితే బండివాళ్ళు ఎక్కడికి పోవాలి?

వాళ్ళ కోసం 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. మునిసిపాలిటీ వీధి వ్యాపారులను లెక్కించి వాళ్ళకు ధ్రువపత్రం ఇవ్వాలి. ఎక్కడ అమ్మవచ్చు, ఎక్కడ కొన్ని వేళల్లోనే అమ్మాలి, ఎక్కడ అమ్మకూడదు అని చోట్లు గుర్తించాలి. ఇది చూడడానికి ఒక కమిటీ ఉండాలి. అందులో నూటికి నలభై మందికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి. వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. ధ్రువపత్రం ఉన్నవాళ్ళను చోటు ఖాళీ చేయమంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు తీసుకుపోతే దాని జాబితా రాసి ఇవ్వాలి. రుసుము కట్టి అడిగితే, పాడైపోయే సరుకును అదే రోజు ఇవ్వాలి. పాడవనిదైతే రెండు పనిదినాల్లో ఇవ్వాలి.

బండి వదిన దగ్గర ధ్రువపత్రం లేదు. ఫోటో తీసుకున్నారని మాత్రం గుర్తుంది. ఆ కాగితం ఏమైందో అడగాలి.

సోమవారం నలుగురూ కలిసి బయలుదేరారు. టైలరక్క చేతిలో రుసుముల పట్టిక కోసం అర్జీ ఉంది. అది ఆమె సొంత చేతిరాత. రెండు చోట్ల కొట్టివేతలు ఉన్నాయి. బండి వదిన ఆధార్ కాగితం తెచ్చుకుంది. పెద్దమ్మ ఊరికే తోడు వచ్చింది. లెక్కలు రాసే అమ్మాయి పది రూపాయలు విడిగా పట్టుకుంది.

"సారు ఇంకా రాలేదు. కూర్చోండి" అన్నాడు అటెండరు.

బల్ల మీద కూర్చున్నారు. గంట గడిచింది. ఎదురుగా గోడ మీద ఒక పెద్ద బోర్డు ఉంది. ఏ పనికి ఎవరిని కలవాలి, ఎన్ని రోజుల్లో చేస్తారు అని దాని మీద రాసి ఉంది. తెలుగులోనే ఉంది. పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని మొదటి వరుస పైకి చదవడం మొదలుపెట్టింది. ఒక మాట దగ్గర ఆగింది. బండి వదిన ఆ మాట అందించింది.